ఆకురాలు కాలాన్ని ఆనందించాలంటే అపరాధ భావం తప్పదా?

ప్రశ్న: నమస్కారమండీ. మేముండే చోట ఆకులు రాలే కాలం చాలా అందంగా ఉంటుంది. ఏడాదంతా ఆ రెండు నెలల కోసమే ఎదురుచూస్తాను. ఆ రోజుల్లో ప్రతి సెలవుకీ రంగులు చూడ్డానికి కారేసుకుని చాలా దూరం వెళ్తాం. ఇంట్లోకి ప్లాస్టిక్ ఆకుల దండలు, కొత్త కుషన్ కవర్లు, సువాసన కొవ్వొత్తులు కొంటాను. పెరట్లో రాలిన ఆకుల్ని మావారు పెట్రోల్ బ్లోయర్‌తో ఓ మూలకు ఊది, కొన్నిటిని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి చెత్తబండికి ఇచ్చేస్తారు, మిగతావి తగలబెడతారు. మొన్న మా పన్నెండేళ్ల అమ్మాయి, "నీకు ప్రకృతి ఇష్టమంటావు, చేసేదంతా దానికి కీడే" అనేసింది. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అందులో నిజముందేమోనని టెన్షన్. పోనీ ఆకులు అలాగే వదిలేద్దామంటే పక్కింటివాళ్లు "మీ పెరడు చిట్టడవిలా ఉంది" అంటారు. సరదాలన్నీ మానుకుని కూర్చోవాలా? మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలి? బ్లోయర్‌ను ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ అమ్మాయి మాట సంగతి చూద్దాం. పన్నెండేళ్ల పిల్ల మాటకు మెత్తదనం ఉండదు, ఉండాలని కోరుకోవడం కూడా తప్పే. తను చెప్పినదాంట్లో సగం నిజం. "చేసేదంతా" అన్న ఒక్క మాటే తప్పు. మీరు రాసిన పనులన్నీ ఒకే బరువువి కావు. ఆకులను తగలబెట్టడం, చెత్తబండికెక్కించడం, వారం వారం కారు ప్రయాణాలు, ఇవి బరువైనవి. బ్లోయర్ ఆ తర్వాత. కొవ్వొత్తులు, కుషన్ కవర్లు చిల్లర లెక్క. మనలో చాలామంది ఆ చిల్లర దగ్గరే మథనపడి, "ఈసారి కొవ్వొత్తులు కొనలేదు" అని తృప్తి పడి, ఆ సాయంత్రమే ఆకుల కుప్పకు అగ్గిపుల్ల గీస్తాం. నేనూ గీసినవాణ్నే, అందుకే చెబుతున్నాను.

సరదాలు మానుకోమని నేను చెప్పను. నిజానికి ఈ కాలంలో ప్రకృతికి మేలు చేసే పనుల్లో ఎక్కువ భాగం, చేస్తున్న పనిని మానేసి చేతులు కట్టుకుని చూడటమే. అంతకన్నా సుఖమేముంది?

మాట విషయం ఒకటి. ఆటమ్‌ను మనం శరదృతువు అనేస్తాం గానీ, మన ఆరు ఋతువుల లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో. శరత్తు వెన్నెలకూ తేటనీటికీ పేరు. ఆ గొడవ ఎందుకని నేను ఆకురాలు కాలం అనే రాస్తాను. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్ చివర్లో, దక్షిణార్ధగోళంలో మార్చి చివర్లో మొదలయ్యే ఆ కాలమే మీరు చెబుతున్నది.

ఇక ఆకుల దగ్గరకు వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

చెట్టుకు ఆకు చెత్త కాదు, ఖాళీ చేసి వదిలేసిన డబ్బా లాంటిది. పగళ్లు కురచబడి చలి మొదలవగానే ఆకులో పచ్చదనానికి కారణమైన పత్రహరితాన్ని చెట్టు విడగొట్టుకుంటుంది. ఆకులోని నత్రజనిలో దాదాపు సగాన్ని కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది, వచ్చే వసంతానికి పెట్టుబడిగా. పచ్చదనం తప్పుకోగానే అంతకాలం వెనక దాగి ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. అవి కొత్తగా వచ్చినవి కావు, వసంతం నుంచీ ఆకులోనే ఉన్నాయి. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారయ్యే రంగు. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది అది బాగా పండుతుంది. ఈలోగా తొడిమె మొదట్లో బెరడులాంటి సన్నని పొర ఏర్పడి కొమ్మను మూసేస్తుంది. ఒక ఆకు తొడిమె చివర చూడండి, కోసినట్టు ఉండదు, గాయం మానినట్టు నున్నగా ఉంటుంది. ఆకును గాలి తెంపదు. చెట్టే తలుపేసుకుని "ఇక వెళ్లు" అంటుంది. మీ అమ్మాయికి ఇది చూపించండి, వాదన సగం చల్లారుతుంది.

అలా రాలిన ఆకులో ఇంకా మిగిలిన సగం నేలకు చేరాలి. మనం దాన్ని మధ్యలో ఎత్తుకుపోతున్నాం.

తగలబెట్టడం గురించి కచ్చితంగా చెబుతాను: ఈ ఏడాది నుంచే ఆపేయండి. ఎండుటాకులని మనం అనుకుంటాం గానీ కుప్ప లోపల చెమ్మ ఉంటుంది. భగ్గున మండదు, లోలోపల రాజుకుంటూ గంటల తరబడి పొగ వదులుతుంది. ఆ పొగలో పీఎం 2.5 అనే నుసి ఉంటుంది. 2.5 మైక్రాన్లో అంతకన్నా తక్కువో ఉండే రేణువులు, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోతాయి. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ తెచ్చే బెంజోపైరీన్ కూడా. చలిగాలి నేలను అంటిపెట్టుకుని ఉండే సాయంత్రాల్లో ఆ పొగ పైకి పోదు, మీ కిటికీలోంచీ పక్కింటి కిటికీలోంచీ లోపలికొస్తుంది. చాలామందికి ఆ వాసన ఇష్టం, అది ఈ కాలపు వాసనే అనుకుంటారు. నాకూ ఒకప్పుడు ఇష్టమే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఒక్కరుంటే ఆ ఇష్టం పోతుంది.

చెత్తబండికి ఇస్తే? మీ దగ్గర ఆకుల్ని విడిగా తీసుకెళ్లి ఎరువు చేసే ఏర్పాటుంటే నిక్షేపంగా ఇవ్వండి, కాకపోతే ప్లాస్టిక్ సంచుల్లో వద్దు. అలా కాకుండా మామూలు చెత్తతో కలిసి గుట్టల్లోకి పోతే మాత్రం ఇబ్బంది. గుట్ట అడుగున గాలి ఆడదు. గాలి ఆడనిచోట కుళ్లిన ఆకు మీథేన్ వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా వందేళ్ల లెక్కలో సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో దాదాపు 80 రెట్లు బలమైనది. అదే ఆకు మీ పెరట్లో గాలి తగిలేచోట కుళ్లితే మీథేన్ గొడవ దాదాపు ఉండదు, మన్ను మిగులుతుంది.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. మీవారు ఊదే ఆకులు కొన్ని వీధిలోకి పోతున్నాయా? చాలా ఇళ్ల దగ్గర అదే జరుగుతుంది. నేల మీద ఎరువయ్యే ఆకు తారురోడ్డు మీద విషమవుతుంది. వానకు నానిన ఆకులు టీపొడిలా దిగుతాయి. ఆ డికాక్షన్‌లో భాస్వరం ఉంటుంది. వాననీటి కాలవల్లోంచి అది శుద్ధి ఏమీ లేకుండా చెరువుకో ఏటికో చేరి నాచును పెంచుతుంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో దీన్ని కొలిచి 2016లో ప్రచురించారు. వానలు పడేముందే వీధుల్లో ఆకుల్ని పూర్తిగా తీసేసినప్పుడు, ఆ కాలంలో వాననీటితో కొట్టుకుపోయే భాస్వరం 84 శాతం తగ్గింది. కాబట్టి మీరు చీపురు పట్టాల్సిన చోటు పెరడు కాదు, ఇంటి ముందు రోడ్డూ కాలవ గట్టూ. అక్కడివి ఊడ్చి లోపలికి తెచ్చుకోండి. బాగా బండ్లు తిరిగే పెద్దరోడ్డయితే ఆ ఆకుల్లో చెత్తా చమురూ కలిసి ఉంటాయి, వాటిని మాత్రం ఎరువుకు వాడకండి.

లోపలికి తెచ్చి ఏం చెయ్యాలి?

కొంత భాగం చెట్ల కిందే, పొదల మొదళ్లలో పరవండి. నాలుగు వేళ్ల మందం చాలు. చెట్టు కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలండి, తడి ఆకులు ఆనుకుని ఉంటే బెరడు కుళ్లుతుంది. గడ్డి మీద మందంగా పేరుకుంటే గడ్డి చస్తుంది కాబట్టి అక్కడివి తియ్యాలి. పల్చగా ఉంటే గడ్డికోసే యంత్రాన్ని ఒకసారి మీదినుంచి నడిపితే ముక్కలై గడ్డిలోకే దిగిపోతాయి. నడిచే దారిలో, మెట్ల మీద తడి ఆకులు సబ్బులాంటివి. అవి తీసెయ్యాల్సిందే, ప్రకృతి ప్రేమ పేరుతో కాలు విరగ్గొట్టుకోనక్కర్లేదు.

మిగిలినవాటితో ఆకు ఎరువు. ఇది నాకు బాగా ఇష్టమైన పని, ఎందుకంటే ఇందులో పనే లేదు. మీటరు వెడల్పున గుండ్రంగా వల కట్టి అందులో ఆకులు పోసి, ఒకసారి బాగా తడిపి, మర్చిపోవాలి. అంతే. మామూలు కంపోస్ట్‌ను బ్యాక్టీరియా వేడెక్కించి తొందరగా చేస్తుంది. ఉత్త ఆకుల్ని మాత్రం బూజులు, శిలీంధ్రాలు చల్లగా, తీరిగ్గా నములుతాయి. ఏడాదికి పైపరుపుగా వాడుకునేంత అవుతుంది, రెండేళ్లకు నల్లటి మన్నవుతుంది. ఓక్ లాంటి దళసరి ఆకులైతే ఇంకాస్త ఆలస్యం. ఇందులో పోషకాలు పెద్దగా ఉండవు, నేలకు నీటిని పట్టి ఉంచే గుణం ఇవ్వడమే దీని గొప్పతనం. మీకు ఇప్పటికే వంటింటి కంపోస్ట్ ఉంటే ఇంకా మంచిది. కొన్ని ఎండుటాకుల్ని ఓ పక్కన దాచుకుని, పచ్చి తొక్కలు ఒక బుట్ట పడినప్పుడల్లా రెండు మూడు బుట్టల ఆకులు వెయ్యండి, వాసన రాదు. తెగులు పట్టిన ఆకుల్ని, అంటే గులాబీ మీద నల్లమచ్చలు, ఆపిల్ ఆకుల మీద గజ్జి లాంటివి ఉన్నవాటిని కలపకండి. ఆ బీజాలు వచ్చే ఏడాదికి అక్కడే కాచుకుని కూర్చుంటాయి.

నా మొదటి ఏడాది సంగతి చెప్పి తీరాలి. వల కట్టే ఓపిక లేక, పెద్ద నల్ల సంచుల్లో తడి ఆకులు కుక్కి, మూతి బిగించి కట్టి, ఇంటి వెనక వరసగా పెట్టాను. పుస్తకాల్లో సంచుల్లోనూ చేయొచ్చని చదివాను. కన్నాలు పెట్టాలన్న వాక్యం మాత్రం దాటేశానన్నమాట. పదకొండు నెలల తర్వాత సంబరంగా మొదటి సంచి విప్పితే లోపల నల్లటి జిగురు. ఆ కంపు చేతుల నుంచి రెండు రోజులు పోలేదు. ఇంట్లో నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నీళ్లు పోశారు. గుట్ట అడుగున ఏం జరుగుతుందో పైన రాశానే, దాన్ని ముక్కుతో నేర్చుకున్నాను. మరుసటి ఏడాది అవే సంచులకు మేకుతో ఇరవై ముప్పై కన్నాలు పొడిచి పెట్టాను. అప్పుడు విప్పితే తెల్లని దారాల్లాంటి బూజు ఆకును ఆకుకు కుట్టేసినట్టు అల్లుకుని, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతూ, వాన వెలిశాక అడవిలో వచ్చే వాసన వచ్చింది.

పక్కింటివాళ్ల మాటకు వద్దాం. మీ పెరడు చిట్టడవి అన్నారంటే వాళ్లకు తెలియకుండానే మెచ్చుకున్నారు. ఆ ఆకుల దుప్పటి కింద ఎవరెవరు చలికాలం గడుపుతున్నారో తెలుసా? ఎన్నో రకాల రెక్కల పురుగులు ఆకులోనే గూడు చుట్టుకుని ఆ ఆకుతోపాటే రాలతాయి. మిణుగురు పురుగుల పిల్లలు ఒకటి రెండేళ్లు ఆ చెమ్మలోనే పెరుగుతాయి. వేసవిలో మిణుగురులు కనబడటం లేదని బాధపడే మనమే, అంతకుముందే వాటి పిల్లల్ని సంచుల్లో కట్టి పంపేస్తున్నాం. బొద్దుగా బొచ్చుతో ఉండే బంబుల్‌బీ రాణి నేలలో రెండంగుళాల లోతున ఒంటరిగా పడుకుని ఉంటుంది. గూడంతా చచ్చిపోయాక వచ్చే ఏడాది సంసారమంతా ఆమె మీదే నిలబడాలి, ఆమెకు ఆ ఆకులే కప్పు. వసంతంలో పిట్టలు పిల్లలకు పెట్టే గొంగళిపురుగులూ చాలావరకు ఇక్కడివే. చికడీ అని అరచేతిలో పట్టే పిట్ట ఉంది, అది ఒక్క విడత పిల్లల్ని పెంచి ఎగరేసేలోపు 6,000 నుంచి 9,000 గొంగళిపురుగుల్ని తెచ్చిపెట్టాలి. గింజల తొట్టి వేలాడదీసి ఆకులు ఊడ్చేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. పెద్దలకు భోజనం పెట్టి పిల్లల పాలు ఒలకబోసినట్టుంటుంది.

ఈ కారణంగానే పొదల కింద ఉన్న ఆకుల్ని ముక్కలు కొట్టకుండా, వసంతం బాగా వెచ్చబడేదాకా కదపకుండా ఉంచమంటాను. ఎండిపోయిన పూలమొక్కల కాడలనూ అప్పటిదాకా నిలబెట్టే ఉంచండి, కొన్ని చిన్న తేనెటీగలు ఆ బోలు కాడల్లోనే ఉంటాయి. నిజమే, చూడ్డానికి పెరడు కాస్త చింపిరిగా ఉంటుంది. దానికి చిన్న కిటుకుంది. అంచులు శుభ్రంగా ఉంచండి. గేటు నుంచి గుమ్మం దాకా దారి, గడ్డి అంచు, వీధివైపు మొదటి అడుగు వెడల్పు, ఇవి నీటుగా ఊడ్చి ఉంటే లోపల ఎన్ని ఆకులున్నా జనం కళ్లకు "బద్ధకం" అనిపించదు, "ఏదో ప్లాను ప్రకారం చేశారు" అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత వాళ్లకు ఒక బుట్ట ఆకు ఎరువు ఇవ్వండి, అప్పుడు వాళ్ల మాటే మారుతుంది.

ఇక బ్లోయర్. ఆ రెండు స్ట్రోకుల చిన్న ఇంజన్లలో పోసిన ఇంధనంలో పావు వంతు దాకా కాలకుండానే బయటికొస్తుంది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు లెక్క ప్రకారం, వ్యాపారానికి వాడే పెట్రోల్ బ్లోయర్ ఒక గంట నడిస్తే, పొగమంచును పుట్టించే వాయువుల విషయంలో అది ఒక మామూలు కారు 1,100 మైళ్లు, అంటే సుమారు 1,770 కిలోమీటర్లు నడిచినదానితో సమానం. ఇది ఊపిరికి పట్టే వాయువుల లెక్కే, కార్బన్ డయాక్సైడ్ లెక్క కాదు. ఇంటి బ్లోయర్లు కొంచెం చిన్నవే, కానీ పోకడ అదే. వాషింగ్టన్ డీసీలో 2022 జనవరి నుంచి పెట్రోల్ బ్లోయర్లను నిషేధించారంటే ఊరికే కాదు. ఆ హోరు సంగతి నేను రాయనక్కర్లేదు, మీ చెవులకే తెలుసు. మొత్తం ఆకులు తియ్యక్కర్లేదు, దారీ వీధీ ఊడిస్తే చాలని తేలిపోయాక మీకు బ్లోయర్ అవసరమే ఉండదు. పొడవు పిడి చీపురు, రేక్ అనే పళ్లకర్ర ఉంటే అరగంట పని. నడుం నొప్పి వల్ల అది కూడా కష్టమైతే కరెంటుది వాడుకోండి, పట్టుదలకు పోవద్దు. ఉన్నదాన్ని అమ్మాలా పారెయ్యాలా అంటే, ఇంకొకరికి అమ్మితే పొగ చిరునామా మారుతుందంతే. పాత యంత్రాలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి. మీవారికి అది మరీ ప్రియమైనదైతే ఒక సీజన్ అటక మీద పెట్టి చూడమనండి. ఒక ఏడాది దించనిది మళ్లీ దించుతారని నేననుకోను.

కారు ప్రయాణాలకు వస్తే, కొంచెం లెక్క వేద్దాం, భయపెట్టడానికి కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముక్కాలు కిలో కూడా లేని పెట్రోలు నుంచి అంత ఎలా వస్తుందని మీ అమ్మాయి అడుగుతుంది. అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను తగిలించుకుంటుంది, పెరిగిన బరువంతా ఆ ఆక్సిజన్‌దే అని చెప్పండి. వారానికి రానూపోనూ 300 కిలోమీటర్లు, లీటరుకు 14 అనుకుంటే ఒక్కో ప్రయాణానికి దాదాపు 50 కిలోలు. ఎనిమిది వారాలకు 400 కిలోలు. మీ కొవ్వొత్తులన్నీ కలిపినా దీని దరిదాపుల్లోకి రావు.

అందుకని పోనేకూడదా? పోండి, ఒక్కసారి. రంగులు బాగా పండిన వారం చూసుకుని, వీలైతే రైల్లోనో బస్సులోనో, లేదంటే కారు నిండా ఇంకో కుటుంబాన్ని కూడా ఎక్కించుకుని, వెళ్లినచోట రెండు రాత్రులుండి రండి. ఎనిమిది ఆదివారాలు అద్దంలోంచి చూసి వచ్చినదానికన్నా అదే ఎక్కువ గుర్తుంటుంది. వెళ్లినచోట దారి దాటి నడవకండి, ఫోటో కోసం కొమ్మలు వంచకండి.

మిగతా ఏడు వారాలకు నా దగ్గర ఒక ఆట ఉంది. నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చెట్టును ఎంచుకోండి. ఒక్కటే. రోజూ ఒకే వేళకు దాని దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఎటువైపు కొమ్మ ముందు తిరిగింది? శిఖరమా, ఎండ తగిలే పక్కా? వీధిదీపం పక్కనున్న కొమ్మ మిగతావాటికన్నా ఆలస్యంగా పచ్చదనం వదులుతోందా? గాలి లేని ఉదయం ఆకు నేలను తాకే చప్పుడు వినబడుతుందా? నేను నాలుగేళ్లు ఒక గింకో చెట్టును చూశాను. మిగతా చెట్లు నెల రోజులు రాలుస్తాయి, గింకో మాత్రం గట్టి మంచు పడిన మొదటి ఉదయం నిర్ణయం తీసుకున్నట్టు దాదాపు అన్నీ ఒక్కరోజులో వదిలేస్తుంది. మూడేళ్లు ఆ రోజు నాకు తప్పిపోయింది. నాలుగో ఏడు, పొద్దున్నే చెప్పులు వేసుకుని వెళ్తే గాలి లేకుండానే పసుపు వాన. పది నిమిషాలకు నా బూట్లు కనబడలేదు. పొద్దున్నే చెప్పులన్నాను, బూట్లే, చలి కదా. ఆ పది నిమిషాల కోసం నాకు లీటరు పెట్రోలు కూడా ఖర్చు కాలేదు.

ఆ చెట్టు కిందే మీ అమ్మాయితో ఇంకో పని చేయించండి. కింది పొరలోంచి రెండు దోసిళ్ల తడి ఆకులు తెచ్చి తెల్ల గుడ్డ మీద పరిచి, పావుగంట కదలకుండా చూడమనండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత రోకలిబండ పురుగు ఒకటి బద్ధకంగా కదులుతుంది, తాకితే ఉండ చుట్టుకునే బూడిదరంగు పురుగొకటి, చిటుక్కున ఎగిరిపడే ఆవగింజంత జీవులు, ఒక సాలెపురుగు. లెక్క రాసుకుని ఆకుల్ని తెచ్చినచోటే తిరిగి పెట్టమనండి. ఊడ్చిన గడ్డి మీదా అదే పని చేసి రెండు అంకెలూ పక్కపక్కన రాయమనండి. మీతో వాదించడానికి ఆమెకు సొంత లెక్కలు దొరుకుతాయి, అందుకు సిద్ధంగా ఉండండి.

అలంకరణ గురించి ఎక్కువ రాయను. ఉన్న ప్లాస్టిక్ దండలు పారెయ్యకండి, పారేస్తేనే నష్టం. చిరిగేదాకా ఏటా అవే కట్టండి, కొత్తవి మాత్రం కొనకండి. కుషన్ కవర్లకూ అదే మాట. రాలిన ఆకుల్ని పాత పుస్తకాల్లో రెండు వారాలు నొక్కిపెడితే దారానికి గుచ్చుకోవచ్చు. పైన్ కాయలు, ఎండిన గింజకాయలు పళ్లెంలో పెట్టుకోవచ్చు. అయితే నేల మీదివే ఏరండి, గుప్పెడే ఏరండి. ఓక్ గింజలు మనకు అలంకరణ, ఉడుతలకు చలికాలపు జీతం. జే అనే పక్షి ఒక్కొక్కటి ఒక సీజన్‌లో వేల గింజల్ని మట్టిలో దాచుకుంటుంది. తిన్నన్ని తిని మర్చిపోయినవే మొలకలవుతాయి. మతిమరుపు వల్ల అడవి పెరగడమంటే అదే. సువాసన కొవ్వొత్తుల్లో చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్ మైనమే. మూసిన గదిలో రోజూ వెలిగించకపోతే చాలు. ఉన్నవి వాడేసుకోండి. సాయంత్రం ఆరుబయట కూర్చోవడానికి గ్యాస్ హీటర్ కొనాలనిపిస్తే మాత్రం ఆగండి. అది ఆకాశాన్ని వేడిచేసే యంత్రం, ఒక దుప్పటి మనిషిని వేడిచేస్తుంది.

దీపాల గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది తట్టదు. ఈ రోజుల్లో మీరు నిద్రపోయాక మీ ఇంటి మీదుగా లక్షల పక్షులు వెచ్చని చోట్లకు వలస పోతుంటాయి. చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రిపూటే ఎగురుతాయి. కింద వెలుతురు వాటిని దారి తప్పించి గాజు మీదికి లాగుతుంది. 2023 అక్టోబర్ 5న చికాగోలో సరస్సు ఒడ్డునున్న ఒక్క సమావేశ భవనం అద్దాలకు కొట్టుకుని దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపోయాయి, ఒక్క రాత్రిలో. ఆ మరుసటి ఏడాది ఆ అద్దాలన్నిటికీ చుక్కల పొర అంటించారు. ఆ సీజన్‌లో చావులు 95 శాతం దాకా తగ్గాయి. వినగానే గుండె బరువెక్కే కథే, కానీ దీనికి మందు ఇంత తేలిక. రాత్రి పదకొండు నుంచి తెల్లవారేదాకా బయటి దీపాలు ఆర్పండి, లోపల వెలుతురుంటే కర్టెన్ లాగండి. పిట్టలు గుద్దుకునే పెద్ద కిటికీ ఉంటే బయటివైపు అద్దం మీద అయిదు సెంటీమీటర్లకొకటి చొప్పున చుక్కలు పెట్టండి. తోటలో రంగు దీపాల తోరణాలుంటే అవి తొమ్మిదింటికల్లా పడుకోవాలని మీ అమ్మాయికి బాధ్యత అప్పగించండి. పన్నెండేళ్లవాళ్లు ఇలాంటి అధికారాన్ని చాలా శ్రద్ధగా చెలాయిస్తారు.

మొదలుపెడితే ఎక్కడ అని అడిగారు. ఈ వారం అగ్గిపెట్టె లోపల పెట్టెయ్యండి, వీధి ఊడ్చి ఆ ఆకులు లోపలికి తెచ్చుకోండి. మిగతావి వచ్చే వారం చూసుకోవచ్చు, వచ్చే ఏడాదైనా చూసుకోవచ్చు. మీ అమ్మాయితో, "నువ్వన్నది సగం నిజం, ఆ సగం మార్చడానికి నాకు సాయం కావాలి" అనండి. పూర్తిగా ఒప్పుకోవద్దు, అలా ఒప్పుకుంటే వాళ్లకు మజా ఉండదు.

వల దొరక్క సంచులతోనే మొదలుపెట్టేట్టయితే మాత్రం కన్నాలు పెట్టండమ్మా. మేకు చాలు. మూతి కూడా మరీ బిగించకండి.